నా చేతిలో ఉంది

గాజు ఫర్నేసంటే వంటింట్లో పొయ్యి కాదండీ, పనయ్యాక కట్టేసి చేతులు దులుపుకోడానికి. ఒకసారి వెలిగించారంటే ఏళ్ళ తరబడి మండుతూనే ఉండాలి. దానికి ఆదివారం లేదు, సెలవు లేదు. ఖర్మ కాలి ఆరిందా, లోపల కరిగి ఉన్న గాజంతా గడ్డకట్టుకుపోతుంది, ఆ గడ్డ ఇటుకల్ని బద్దలు కొడుతుంది, ఇక గేటుకి తాళం వేసి ఎవరిళ్ళకి వాళ్ళు పోవడమే. అందుకే ఆ ఫ్యాక్టరీలో ఎవరైనా పొద్దున్నే గేటు దాటగానే ముందు పొగగొట్టం వైపు చూస్తారు. హమ్మయ్య అనుకున్నాకే లోపలికి అడుగేస్తారు.

అలాంటి ఫర్నేసుకి కంట్రోల్ సిస్టమ్ మొత్తం మార్చాల్సి వచ్చింది. అదీ మంట మండుతుండగానే.

పాత ప్యానెల్ పాపం మంచిదే. గ్యాస్ ఎంత పోవాలి, గాలి ఎంత కలవాలి, లోపల వేడి ఎంతుంది, అన్నీ తనే చూసుకునేది. కానీ దాని కార్డులు చేసే కంపెనీవాళ్ళే మావల్ల కాదని చేతులెత్తేశారు. ఒక కార్డు కాలిందంటే పాత సామాన్ల కొట్లన్నీ గాలించి, దొరికినదాన్ని దుమ్ము దులిపి, దేవుడి మీద భారం వేసి బిగించేవాళ్ళు. ఎన్నాళ్ళు నెట్టుకొస్తారు అలా?

కొత్తది ఏది కొనాలో తేల్చే పని ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్ హెడ్ మీద పడింది. ఆవిడని ఫ్యాక్టరీలో అందరూ మేడమ్ అంటారు. ఇంట్లో బుజ్జి. ఫర్నేసు దగ్గర వాల్వులు చూసే సీనియర్ ఆపరేటర్, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, ఈవిడ కన్నతండ్రి. కూతురు అక్కడే ఉద్యోగంలో చేరిన రోజున ఆయనే ఒక రూలు పెట్టాడు. "గేటు లోపల నువ్వు నాకు మేడమ్‌వి, నేను నీకు పెద్దాయన గారిని. గేటు బయట బుజ్జివి. రెండూ కలిపావో, ఇద్దరికీ మర్యాద ఉండదు." ఆ రూలు ఇద్దరూ ఒక్కరోజూ తప్పలేదు. ఒకే బండి మీద వచ్చేవాళ్ళు, గేటు దగ్గర దిగేవాళ్ళు, దిగగానే ఆయన "గుడ్ మార్నింగ్ మేడమ్" అనేవాడు. వాచ్‌మన్‌కి రోజూ అదో వినోదం.

సరే, సిస్టమ్ సంగతి. అమ్మడానికి వచ్చినవాళ్ళలో చివరికి ఇద్దరు మిగిలారు. మొదటివాళ్ళది గోడంత తెర. అందులో ఫర్నేసు బొమ్మ, బొమ్మలో మంట, ఆ మంట నిజంగా ఎగిసిపడుతున్నట్టు కదలడం. మేనేజర్ గారికి అది చూడగానే ప్రాణం లేచొచ్చింది. "ఇదీ సిస్టమంటే!" అని కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాడు. మేడమ్ లేచి వెళ్ళి, వాళ్ళు బల్లమీద పెట్టిన డెమో పెట్టె వెనక నుంచి ఒక వైరు పీకింది.

తెర మీద వేడి చూపించే అంకె మారలేదు. పచ్చగా, నిక్షేపంగా అలాగే నిలబడింది.

"వైరు ఊడిపోయింది కదా, మరి ఈ వేడి ఎక్కడినుంచి వస్తోంది?" అనడిగింది.

"చివరిసారి వచ్చిన మంచి రీడింగ్‌ని అలా పట్టుకుని ఉంటుంది మేడమ్," అన్నాడు టై కట్టుకున్న సేల్స్ ఆయన గర్వంగా. "ఆపరేటర్ అనవసరంగా కంగారు పడకుండా."

"ఆపరేటర్ కంగారు పడాలండీ. జీతం ఇస్తున్నది అందుకే."

"కావాలంటే ఆ సెట్టింగ్ మార్చుకోవచ్చు మేడమ్."

"మార్చుకోవచ్చు. అలారం గోల భరించలేక ఇంకెవరో మళ్ళీ వెనక్కి మారుస్తారు కూడా. మా వాళ్ళ సంగతి నాకు తెలుసు."

రెండో కంపెనీది చూడ్డానికి మరీ బీదగా ఉంది. చిన్న తెరలు, బూడిద రంగు, బొమ్మల్లేవు, మంటల్లేవు. వైరు పీకగానే మాత్రం అంకె మాయమై దాని చోట ఎర్రటి ఇంటూ మార్కు వచ్చి కూర్చుంది. నాకు తెలీదు, నన్నడక్కండి అన్నట్టు. పైగా ఒక్కో వాల్వునీ విడివిడిగా, మంట ఆపకుండా పాతదాని మీంచి కొత్తదానికి మార్చుకోవచ్చు. పాడైతే బయటినుంచి ఎవరూ రానక్కర్లేదు, తన సెక్షన్ వాళ్ళే విప్పి బాగుచేసుకోవచ్చు. మేడమ్ అదే కావాలంది. మేనేజర్ గారు మొహం ముడుచుకున్నాడు, వచ్చిన అతిథులకి చూపించుకోడానికి ఏముంటుందమ్మా ఇందులో అన్నాడు. ఆవిడ ససేమిరా అంది. తనకి తెలియనిది తెలిసినట్టు చూపించే యంత్రాన్ని ఫర్నేసు మీద కూర్చోబెట్టనని, కాదంటే ఆ కాగితం మీద సంతకం వేరేవాళ్ళ చేత పెట్టించుకోమని మొహం మీదే చెప్పేసింది. ఆఖరికి ఆవిడ మాటే నెగ్గింది.

అంత గట్టి మనిషి. ఇంటి దగ్గర మాత్రం ఏం చేసిందో వినండి.

పెద్దాయనకి చెవులు పోతున్నాయి. ఉద్యోగమంతా బ్లోయర్ల హోరులో గడిపిన మనిషి. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన బిరడాల్ని చొక్కా జేబులో వేసుకు తిరిగిన మనిషి. పోక ఏమవుతాయి? కానీ ఆయన ఒప్పుకునే రకం కాదు. "ఏంటి?" అని గానీ, "ఏమన్నావు?" అని గానీ ఆయన నోట విని ఎన్నేళ్ళయిందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఏం చెప్పినా "ఆ, విన్నాను" అనేవాడు. భోజనాల దగ్గర పిన్ని ఏదో జోకు వేస్తే అందరూ నవ్వేవాళ్ళు. అందరి మొహాలూ ఒకసారి చూసి, ఆ తర్వాత ఆయనా నవ్వేవాడు, అందరికంటే గట్టిగా. అమ్మ ఎప్పుడూ ఆయన కుడిపక్కనే కూర్చునేది. ఎందుకో బుజ్జికి చాలాకాలం తట్టలేదు.

ఒకరోజు స్టవ్ మీద పాలు పొంగిపోతున్నాయి. ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. "నాన్నా, పాలు!" అని వెనక నుంచి అరిచింది బుజ్జి. కదల్లేదు. మళ్ళీ అరిచింది. పాలు పొంగి, మంట మీద పడి, మాడిన కంపు ముక్కుకి తగిలాక ఆయన ఉలిక్కిపడి లేచాడు. లేచి కూతురి మొహం చూసి, "ఆ, విన్నాను, కట్టేస్తున్నా," అన్నాడు.

ఆ ఒక్క మాట విని బుజ్జి గిన్నె తోముతున్నట్టు నటిస్తూ అమ్మ దగ్గరికెళ్ళి, "ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అని అడిగింది.

"నన్నడక్కు," అంది అమ్మ.

"అమ్మా, అక్కడ అంతా చెవి మీద నడిచే పని. నీకు తెలీదు."

"నాకు తెలీదా? ఆయనతో కాపురం చేసింది నేను. ఈ కొత్త మిషన్ల పని కాగానే మానేస్తానన్నారు. తన చేత్తో ఫర్నేసుని అప్పగించి వస్తానన్నారు. ఈ ఒక్కటీ కానివ్వవే తల్లీ. చెవిటివాడని చెప్పి ముందే ఇంటికి పంపిస్తే ఆ మనిషి తల ఎత్తుకుని వీధిలోకి వెళ్ళగలడా?"

కంపెనీవాడి పెట్టె దగ్గర వైరు పీకి చూడ్డానికి ఒక్క క్షణం ఆలోచించని మనిషికి, నాన్న దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలేదు. ఆయన మీద ప్రేమే, కాదనను. కానీ కాస్త పిరికితనం కూడా. ఆ మాట ఆవిడే తర్వాత ఒప్పుకుంది.

ఇప్పుడు ఆ మార్పు ఎలా చేస్తారో చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. ప్రతి వాల్వుకీ ఒక చక్రం ఉంటుంది, బస్సు స్టీరింగ్ అంత. మామూలుగా ప్యానెలే వాల్వుని తిప్పుతుంది. వైర్లు పాతదాని మీంచి కొత్తదానికి మార్చే ఆ కాసేపూ మాత్రం ఒక మనిషి ఆ చక్రాన్ని చేత్తో పట్టుకుని నిలబడాలి. పైన కంట్రోల్ రూమ్‌లోంచి వాకీటాకీలో "పావు తిప్పు తెరువు", "కాస్త తగ్గించు" అంటూ ఉంటారు, కింద ఆ మనిషి తిప్పుతూ ఉంటాడు. గ్యాస్ వాల్వు అయితే ఇంకా ప్రమాదం. ఎవరి చేతిలోనూ లేకుండా వైరు ఊడదీశారంటే అది టప్పున మూసుకుపోతుంది, మంట ఆరిపోతుంది. ఎక్కువ తెరిచారంటే పక్కనున్న వాళ్ళ ఒళ్ళు కాలుతుంది.

అందుకని పెద్దాయన ఎప్పుడో ఒక పద్ధతి పెట్టాడు. ఒకప్పుడు పైవాళ్ళు కింద పట్టుకున్నారనుకున్నారట, కిందవాళ్ళు పైన వదల్లేదనుకున్నారట. రెండు క్షణాలు వాల్వు ఎవరి చేతిలోనూ లేదు. మూసుకుపోతుంటే కంగారులో ఎవరో మరీ ఎక్కువ తెరిచేశారు. ఆ రోజు సగం మొహం కాలిన మనిషి ఇప్పటికీ క్యాంటీన్‌లో టీ పోస్తున్నాడు. అప్పటినుంచీ ఇచ్చేవాడు వాల్వు పేరు చెప్పి "ఇస్తున్నా" అనాలి. తీసుకునేవాడు అదే పేరు చెప్పి "నా చేతిలో ఉంది" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా ఇచ్చేవాడు వదలకూడదు. కూతురికి ఉద్యోగంలో చేరిన మొదటివారమే ఆయన ఇది నేర్పించాడు, ఇంట్లో ఉప్పు డబ్బా ఇస్తూ తీసుకుంటూ. అమ్మ తల పట్టుకునేది. "డబ్బా నా చేతిలో ఉంది మహానుభావా, ఇక వదులు!"

మార్పు మొదలైంది. రోజుకి కొన్ని వాల్వులు. పగటిపూట, జాగ్రత్తగా. ప్రతిచోటా చక్రం దగ్గర పెద్దాయనే ఉంటానన్నాడు, ఉన్నాడు. ఆయన పక్కన ఎప్పటిలాగే ఆయన జోడీ, రేడియో. అసలు పేరు వేరే ఉంది గానీ నోరు మూయడని అందరూ రేడియో అనేవాళ్ళు. ఇద్దరు పిల్లల తండ్రి, ఫర్నేసు దగ్గరే తల నెరిసినవాడు. విచిత్రమేంటంటే ఈ రోజుల్లో ఆ రేడియో నోరు పెద్దగా విప్పట్లేదు. పెద్దాయన పక్కనే నిలబడి, వాకీటాకీ మోగినప్పుడల్లా ఆయన భుజం మీద తడుతున్నాడు. పావు తిప్పు అంటే ఒక వేలు, అర తిప్పు అంటే రెండు వేళ్ళు, ఛాతీ దగ్గర పెట్టి చూపిస్తున్నాడు. మేడమ్ పైన కంట్రోల్ రూమ్ అద్దంలోంచి ఒకసారి చూసింది. చూసి తల తిప్పుకుంది.

పనంతా సాఫీగా నడిచింది. "ఇస్తున్నా" అనగానే కిందినుంచి ఖణేలుమని జవాబు. ఊరికే ఆ మాట అని ఊరుకోడాయన. "గాలి వాల్వు నా చేతిలో ఉంది, చక్రం కాస్త బిగువుగా ఉంది, నూనె పెట్టించండి," అనో, "నా చేతిలో ఉంది, పైపు వణుకుతోంది," అనో ఏదో ఒకటి కలిపేవాడు. మేనేజర్ గారు మురిసిపోయి, "పెద్దాయన ఉండగా మనకి కొత్త సిస్టమ్ ఎందుకండీ!" అన్నాడు. అందరూ నవ్వారు.

చివరికి గ్యాస్ వాల్వు మిగిలింది. దాన్ని అందరికంటే ఆఖరున పెట్టుకున్నారు. ఆ రోజు మధ్యాహ్నం కంట్రోల్ రూమ్ నిండిపోయింది. మేనేజర్ గారు కూడా చేతిలో ఒక వాకీటాకీ పట్టుకుని వచ్చాడు. ఫ్యాక్టరీలో వాకీటాకీ ఉన్న ప్రతివాడూ అదే ఛానెల్ మీద చెవి వేసి ఉన్నాడు. పెద్దాయన చివరి వాల్వు అని అందరికీ తెలుసు.

సరిగ్గా మొదలుపెట్టే ముందు గాలి వాల్వు దగ్గరున్న మనిషి వేడికి కళ్ళు తిరిగి కూలబడ్డాడు. అతన్ని బయటికి మోసుకెళ్ళారు. గ్యాస్‌ని చేత్తో నడిపేటప్పుడు గాలి దగ్గర కూడా తెలిసినవాడు ఉండాలి. ఆ పని తెలిసి ఖాళీగా ఉన్నవాడు రేడియో ఒక్కడే.

"రేడియో, నువ్వు గాలి వాల్వు దగ్గరికి వెళ్ళు," అంది మేడమ్ వాకీటాకీలో.

రేడియో నీళ్ళు నమిలాడు. "మేడమ్... నేను పెద్దాయన దగ్గరే ఉంటే... ఆయనకి తోడుగా..."

మేనేజర్ గారు కనుబొమలు ఎగరేసి మేడమ్ వైపు చూశాడు. ఆవిడ మొహంలోకి రక్తమంతా వచ్చింది. "ఆయనకి తోడెందుకు?" అంది. తండ్రి పరువు కాపాడుతున్నానని అనుకుంది ఆ క్షణంలో. అద్దంలోంచి కింద రేడియో తలెత్తి ఆవిడ వైపు చూడటం కనిపించింది. ఆవిడకి తెలుసని అతనికి తెలుసు. అతను పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి ఏదో సైగ చేసి, ఫర్నేసు దిమ్మ అవతలున్న గాలి వాల్వు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఎలక్ట్రీషియన్ పాత ప్యానెల్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, స్క్రూడ్రైవర్ వైరు మీద ఆనించి, మేడమ్ తలూపడం కోసం చూస్తున్నాడు. ఆవిడ బటన్ నొక్కింది.

"గ్యాస్ వాల్వు ఇస్తున్నా. పెద్దాయన గారూ, తీసుకోండి."

ఒక క్షణం ఆగి జవాబొచ్చింది. "గ్యాస్ వాల్వు నా చేతిలో ఉంది."

అంతే. చక్రం సంగతి లేదు, పైపు సంగతి లేదు. అద్దంలోంచి చూస్తే అక్కడ ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది. తలూపబోయిన మనిషి ఆగింది. "చక్రం ఎంత తెరిచి ఉంది?" అని అడిగింది.

మళ్ళీ అంతే ఆలస్యం. "గ్యాస్ వాల్వు నా చేతిలో ఉంది."

వాకీటాకీకి ఒక చిన్న దీపం ఉంటుంది. అవతలివాళ్ళు మాట్లాడుతుంటే వెలుగుతుంది, ఆపితే ఆరుతుంది. ఆయన ఆ దీపం చూసి జవాబు చెబుతున్నాడు. ఏటా జరిగే చెవుల పరీక్షలో డాక్టరు గారి బొటనవేలు బటన్ మీద కదలడం చూసి చెయ్యెత్తేవాడని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. ఇదీ అదే విద్య.

"బ్లోయర్ల హోరులో ప్రశ్న వినిపించి ఉండదు," అన్నాడు మేనేజర్. "చేతిలో ఉందంటున్నారుగా, కానివ్వండి."

కానివ్వకుండా ఉండటానికి ఆవిడకి తేలిక దారి ఒకటి ఉంది. కొత్త కార్డులో ఏదో తేడా ఉంది, రేపు చేద్దాం అంటే సరిపోయేది. ఎవరూ అనుమానపడరు. రేపు రేడియో మళ్ళీ ఆయన పక్కనుంటాడు, భుజం తడతాడు, వేళ్ళు చూపిస్తాడు, పని అయిపోతుంది, నాన్న దండ వేయించుకుని తలెత్తుకుని ఇంటికొస్తాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంటుంది. కానీ ఆ పని అయ్యాక కూడా ఆయన మానేస్తాడని నమ్మకమేంటి? ఇంకో నెల అంటాడు. ఇంకో ఏడాది అంటాడు. ఇంకో రోజు ఇంకెవరో, వాల్వు ఆయన చేతిలో ఉందని నమ్మి వైరు ఊడదీస్తారు. అప్పుడు పక్కన నిలబడి ఉండేది రేడియోనే కదా, ఇద్దరు పిల్లల తండ్రి. పచ్చగా నిలబడ్డ ఆ అంకె గుర్తొచ్చింది ఆవిడకి. దాన్ని పనికిరాదని బయటికి పంపింది తనే.

ఆవిడ బటన్ నొక్కింది. ఫ్యాక్టరీ అంతా వింటోందని తెలుసు. తెలిసే అంది.

"పెద్దాయన గారూ, గ్యాస్ వాల్వు మీకు ఇవ్వట్లేదు. పని ఆపేశాం. చక్రం మీంచి చెయ్యి తీసేయండి."

దీపం ఆరి ఉంటుంది.

"గ్యాస్ వాల్వు నా చేతిలో ఉంది," అన్నాడాయన.

ఎంత నిబ్బరంగా అన్నాడో! గేటు దగ్గర, గిడ్డంగిలో, క్యాంటీన్‌లో, మేనేజర్ గారి చేతిలో, అన్ని వాకీటాకీల్లోంచీ ఆ గొంతు ఒక్కసారే వచ్చింది. కంట్రోల్ రూమ్‌లో ఎవరూ ఎవరి మొహం చూడలేదు. ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్ నెమ్మదిగా నేల మీద పెట్టేశాడు. అప్పుడు ఛానెల్ మీదకి రేడియో గొంతు వచ్చింది, ఏడుస్తూ. "మేడమ్, నేను ఆయన దగ్గరికి వెళ్తాను మేడమ్. ఒక్క నిమిషం. నేను చెబుతాను."

"నువ్వు గాలి దగ్గరే ఉండు," అంది ఆవిడ. "నేను వస్తున్నా." వాకీటాకీ నడుముకి తగిలించుకుని, ప్యానెల్ ఆపరేటర్‌ని తన చోట నిలబెట్టి, మెట్లు దిగింది.

కింద వేడి మొహానికి కొట్టింది. బ్లోయర్ల హోరులో తన అడుగుల చప్పుడు తనకే వినిపించట్లేదు. పెద్దాయన కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులా చక్రాన్ని పట్టుకుని, కళ్ళు పక్క పైపుకి తగిలించిన వాకీటాకీలోని ఆ చిన్న దీపం మీదే పెట్టి నిలబడి ఉన్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆవిడ చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి నిలబడేదాకా ఆయనకి తెలియలేదు.

"ఏం మేడమ్, ఇంకా వైరు తీయలేదా?" అని నవ్వాడు. నవ్వుతూనే ఆవిడ మొహం చూశాడు. దిమ్మ అవతల రేడియో మోచేత్తో కళ్ళు తుడుచుకోవడం చూశాడు. పైన అద్దం వెనక వరసగా నిలబడి కిందికి చూస్తున్న వాళ్ళని చూశాడు. నవ్వు మెల్లగా పోయింది.

"ఇవ్వనన్నావా?" అన్నాడు.

ఆవిడ తలూపింది.

"అందరూ విన్నారా?"

"విన్నారు," అంది, పెదవులు స్పష్టంగా కదిపి.

ఆయన చేతులు మాత్రం చక్రం మీంచి తీయలేదు. ఆవిడ ఎదురు చూసింది. ఆయనకి కోపమొచ్చిందేమో, మొండికేశాడేమో అనుకుంది. కళ్ళలో నీళ్ళు ఆగలేదు. ఇంతవరకూ గేటు లోపల ఎన్నడూ నోట రాని మాట వచ్చేసింది.

"నాన్నా, నాకివ్వు."

ఆయన వదల్లేదు. కూతురి పెదవుల వైపే చూస్తున్నాడు, ఇంకా ఏదో రావాల్సి ఉన్నట్టు. అప్పుడు తట్టింది ఆవిడకి. తను చెప్పాల్సింది తను చెప్పలేదు. చెప్పకుండా ఆయన ఎలా వదులుతాడు? ఆయన పెట్టిన పద్ధతే కదా. ముందుకొచ్చి, ఆయన చేతుల పక్కన తన చేతులు వేసి, చక్రాన్ని గట్టిగా పట్టుకుని, ఆయనకి కనబడేలా మొహం ఎత్తి ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"గ్యాస్ వాల్వు నా చేతిలో ఉంది."

ఆ మాట పూర్తయ్యేదాకా చూసి, అప్పుడు చేతులు తీసేశాడాయన.

తీసేశాక ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియలేదు ఆయనకి. ఒకసారి ప్యాంటుకి తుడుచుకున్నాడు, ఒకసారి వెనక్కి కట్టుకున్నాడు. వెళ్ళిపోతాడనుకున్నారు పైన చూస్తున్నవాళ్ళు. వెళ్ళలేదు. కూతురి పక్కకి జరిగి నిలబడ్డాడు, భోజనాల దగ్గర అమ్మ కూర్చున్నట్టే ఆవిడ తన కుడివైపుకి వచ్చేలా. మేడమ్ వాకీటాకీ తీసి, చక్రం తన చేతిలో ఉందని, ఎంత తెరిచి ఉందో, ఎంత బిగువుగా ఉందో అన్నీ చెప్పింది. పైన వైరు ఊడింది. చక్రం చేతుల్లో ఒక్కసారిగా బరువెక్కింది. గ్యాస్ చప్పుడు కాళ్ళ కిందినుంచి తెలుస్తోంది. మంట నిలబడింది.

వాకీటాకీలో దీపం వెలిగింది. ప్యానెల్ ఆపరేటర్ ఏదో చెప్పాడు. దీపం ఆరింది.

పెద్దాయన దాని వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. చేతిని చెవి వెనక పెట్టుకుని, ఆవిడ వైపు వంగాడు. పైనుంచి అందరూ చూస్తూనే ఉన్నారు.

"ఏమన్నాడు?" అని అడిగాడు.

ఆవిడ మొహం పూర్తిగా ఆయన వైపు తిప్పింది. "పావు తిప్పు తగ్గించమంటున్నాడు నాన్నా," అని గట్టిగా చెప్పింది.

"అయితే నెమ్మదిగా తిప్పు," అన్నాడాయన. "చివర్లో కాస్త పట్టేస్తుంది."